సర్వరు పడిపోయిన నాడు మన పహాణీ ఎక్కడ ఉంటుంది?

"సర్వర్ డౌన్, రేపు రండి" అన్న మాట వినని కుటుంబం మన సరిహద్దు గ్రామాలలో ఉండదు. పహాణీ కొరకు, రేషను కొరకు వెళ్లినవారు ఒక దినపు కూలి పోగొట్టుకొని ఆ మాట మూటగట్టుకొని తిరిగివస్తారు. కుశనూర్‌లో ఒక వృద్ధ రైతు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆలోచింపజేసింది. "సారూ, సర్వర్ పడిపోయిందంటున్నరు. అండ్ల ఉన్న మా చెల్క గూడ పోయినట్టేనా?" అన్నాడాయన. ఇది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదు. ఇటు కర్ణాటకలో 'భూమి' పథకం వచ్చిన తరువాత చేతివ్రాత పహాణీ స్థానంలో కంప్యూటరు పహాణీ వచ్చింది. అటు తెలంగాణలో 2020 అక్టోబరు 29న 'ధరణి', దాని స్థానంలో 2025 ఏప్రిల్‌లో 'భూభారతి' వచ్చాయి. రెండు వైపులా పొలమున్న కుటుంబానికి రెండు సర్వర్ల భయం ఉండడం సహజమే.

సర్వరనగా ఏమిటో చెప్పడానికి మన పాత పట్వారీ దఫ్తరు చాలును. దఫ్తరులో రెండున్నాయి. ఒకటి పెట్టెలోని దస్తావేజులు, రెండవది వాటిని తీసి చదివి నకలు వ్రాసి ఇచ్చే పట్వారీ. సర్వరులో కూడా మన వివరాలు వేరు, యంత్రాన్ని నడిపించే సిస్టమ్ సాఫ్ట్‌వేరు వేరు. అప్‌డేట్ అనగా పట్వారీకి పైనుండి వచ్చే కొత్త హుకుం. ఆ హుకుం చదివి పట్వారీ మూర్ఛపోయినాడనుకోండి. పని ఆగిపోతుంది, పెట్టె తెరిచేవాడు ఉండడు. కాని పెట్టెలోని కాగితాలకు చెద పట్టలేదు.

మరి అటువంటి హుకుం పంపడమెందుకు అని అడగవచ్చు. సాఫ్ట్‌వేరులో దొంగలు దూరే కన్నాలు నిత్యం బయటపడుతూ ఉంటాయి, వాటిని పూడ్చడానికే అప్‌డేట్. మానుకొంటే ముప్పు, తొందరపడితే మరొక ముప్పు.

ఈ రెండవ ముప్పును ప్రపంచమంతా ఒకేసారి చూసిన దినం 2024 జూలై 19, శుక్రవారం. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేరు తయారుచేస్తుంది. మన గడియారం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు అది విండోస్ యంత్రాలకు ఒక చిన్న ఫైలు పంపింది. లోపం కూడా చిన్నదే. 20 గడులున్న పట్టికలో లేని 21వ గడిని చదవబోయింది ఆ సాఫ్ట్‌వేరు. బడిలో హాజరు పట్టీ గీసేవారికెవరికైనా ఈ పొరపాటు సులభంగా అర్థమవుతుంది. అయితే ఈ కాపలాదారు ఇంటి గుమ్మంలో కాక విండోస్ నడిగర్భంలో కూర్చుంటాడు. అతడు తూలితే ఇల్లంతా కూలుతుంది. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం 85 లక్షల యంత్రాలు నీలి తెర చూపి ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఇండిగో సంస్థ దాదాపు 200 విమానాలను రద్దు చేసింది. మన బ్యాంకులలో, ఆర్థిక సంస్థలలో పదింటికి మాత్రమే స్వల్ప అంతరాయం కలిగినట్లు రిజర్వు బ్యాంకు తెలిపింది.

విచిత్రమేమనగా, తప్పు తెలిసి ఆ సంస్థ 10 గంటల 57 నిమిషాలకే ఫైలును వెనక్కు తీసుకొంది. మొత్తం 78 నిమిషాలు. కాని బాగుచేయడానికి రోజులు పట్టింది. కారణం చూడండి. సవరించిన ఫైలు అందవలెనన్నచో యంత్రం లేచి నెట్‌వర్కుకు తగులుకోవలెను. ఇది లేవబోయిన ప్రతిసారీ పాడైన ఫైలు చదివి మళ్లీ పడిపోతున్నది. దూరం నుండి చేయగలిగినది బహు స్వల్పం. కొన్నింటిని పదిహేనుసార్లదాకా ఆపి వేసి చూడమన్నారు, అట్లా లేచినవి కొన్ని ఉన్నాయి. మిగిలినవాటి వద్దకు మనిషి నడిచి వెళ్లవలసి వచ్చింది. యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో, అనగా అత్యవసరమైన భాగాలతో మాత్రమే, లేపి ఆ ఒక్క ఫైలును తుడిచివేసి తిరిగి నడిపించాలి. అక్కడ మరొక చిక్కు. డిస్కుకు బిట్‌లాకర్ అనే తాళం ఉన్నచోట 48 అంకెల తాళపుసంఖ్య లేనిదే లోపలికి పోనియ్యదు. కొందరు ఆ సంఖ్యలను భద్రపరచినది పడిపోయిన సర్వర్లలోనే! బీరువా తాళపుచెవి బీరువాలోనే పెట్టి మూసినట్లయింది. జూలై 29 నాటికి గాని దాదాపు 99 శాతం యంత్రాలు తిరిగి పనిలోకి రాలేదు.

ఇంత కల్లోలంలోనూ ఆ ఫైలు చెడగొట్టినది యంత్రం లేచే దారినే, డిస్కులోని లెక్కలను కాదు. వృద్ధ రైతుకు నేనిచ్చిన జవాబూ ఇదే.

అసలు అపాయం బాగుచేసే తొందరలో ఉంది. నేను పూర్వం పనిచేసిన ఒక పాఠశాలలో పిల్లల మార్కులెక్కిస్తుండగా కంప్యూటరు తనంతట తాను అప్‌డేట్ మొదలుపెట్టింది. సగంలో కరెంటు పోయింది. ఆపై అది లేవలేదు. వచ్చిన కుర్రవాడు "ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తా, అర్ధగంట పని" అన్నాడు. ఫార్మాట్ అనగా పట్వారీకి మూర్ఛ వచ్చిందని పెట్టెకు నిప్పుపెట్టడమే. నేను చేయి అడ్డం పెట్టి డిస్కు ఊడదీయించి, వేరొక కంప్యూటరుకు తగిలించి మార్కులన్నీ నకలు చేయించిన తరువాతనే మిగతా పని సాగనిచ్చాను. మార్కుల పట్టిక మరొక ప్రతి ఉంచుకోని తప్పు మాత్రం నాదే. పెద్ద సర్వర్లను నడిపేవారు ఈ తప్పు చేయకుండా అప్‌డేట్‌కు ముందే యంత్రపు పూర్తి ప్రతిరూపం తీసి ఉంచుకొంటారు. చెడితే ఆ ప్రతిరూపానికి తిరిగిపోతారు. మొదట ఒకటి రెండు యంత్రాలపై ప్రయోగించి, అవి నిలిచిన తరువాతనే మిగతావాటికి పంపుతారు. క్రౌడ్‌స్ట్రైక్ కూడా ఆ దెబ్బ తరువాత ఈ విడతల పద్ధతికే వచ్చింది.

సరిగా మ్యుటేషన్ ఎక్కిస్తున్న క్షణాన సర్వరు పడిపోతే సగం పొలం అన్న పేర, సగం తమ్ముని పేర ఉండిపోతుందా? ఉండదు. మంచి డేటాబేసు ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో వ్రాసి, ఆ తరువాతనే అసలు ఖాతాలోకి ఎక్కిస్తుంది. లేచిన వెంటనే ఆ చిట్టా చదువుతుంది. పూర్తయినది నిలుపుతుంది, సగంలో ఆగినది కొట్టివేస్తుంది. కొట్టివేసిన పని మళ్లీ మొదటినుండి చేయించుకోవలసినదే. "నిన్న చేసినాను గదా" అని గుమస్తా, "చేయలేదు" అని కంప్యూటరు అనడానికి ఒక కారణమిదే. కనుక దరఖాస్తు ఇచ్చినప్పుడు సంఖ్య, తేదీ ఉన్న రసీదు చీటీ అడిగి తీసుకోండి. సర్వరు లేచిన మరునాడు ఆ సంఖ్యతో మీ పని నిలిచిందో లేదో చూడమనండి. కొత్త పహాణీ నకలు ఏడాదికొకటి ఇంట ఉంచుకొంటే సర్వే నంబరు, విస్తీర్ణం సరిపోల్చుకోవచ్చు.

రేషను సంగతి వేరు, అక్కడ "రేపు రండి" అనడమే తప్పు. నెట్‌వర్కు లేకనో వేలిముద్ర పడకనో యంత్రం పనిచేయనిచోట కార్డు చూచి సరుకులిచ్చి, ఆ వివరం ప్రత్యేక రిజిస్టరులో వ్రాసుకోవాలని కేంద్ర ఆహార శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు ఆదేశమిచ్చింది. దుకాణంలో ఆ రిజిస్టరు ఎక్కడుందని ఒకమారు అడిగి చూడండి.