కర్మాగారములు తావు మార్చుటయు, పనివారి యిండ్లును

గత వేసవిలో నొక గ్రామ సహకార సంఘపు సర్వసభ్య సమావేశమునకు, వేరుసెనగ విత్తనశుద్ధిని గూర్చి మాటలాడుటకై పోయితిని. రహదారి ప్రక్కనున్న యా గ్రామమునకు నొక కర్మాగారము రానున్నదను వదంతి యప్పటికి రెండు నెలలుగా వ్యాపించి యుండెను. నా మాట నెవ్వరును వినలేదు. వెనుక బల్లపై కూర్చున్న వృద్ధ రైతొకడు లేచి, "అయ్యా, విత్తనాల మందు సంగతి తర్వాత చూద్దాము. ఎకరానికి ఎంత యిస్తారో అది చెప్పండి" అని యడిగెను. సభ యంతయు నాతని పక్షమే యయ్యెను.

భూమి వెల యెంత యను ప్రశ్న న్యాయమైనదే. దానితోపాటు అడుగవలసినది మఱియొకటి కలదు. దాని నా దినమున నొక్కరును నడుగలేదు. ఆ కర్మాగారములో పనిచేయువారు రాత్రి యెక్కడ పరుండుదురు? కూలిడబ్బు మన యూరిలో దిగునా, సాయంకాలపు బస్సెక్కి మఱియొక యూరికి పోవునా యనునది చాలవఱకు ఈ ప్రశ్నపై నాధారపడి యున్నది. మన సభ్యులు దీనిని ముందుగా నాలోచింపవలెనని యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

కర్మాగారపు యజమాని తావును చూచుట మనము సంతలో ఎద్దును చూచుట వంటిదే. పండ్లు, గిట్టలు, నడక, సుడి, వెల, అన్నియు నొకమారు చూచి బేరమాడును. మనకు దగ్గఱి యుదాహరణము పెనుకొండ. కొరియా దేశపు కియా మోటారు సంస్థ 2017 ఏప్రిలులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో నొడంబడిక చేసికొని, పెనుకొండ చెంతనున్న ఎఱ్ఱమంచియొద్ద 536 ఎకరములలో కార్ల కర్మాగారమును గట్టెను. సంవత్సరమునకు 3 లక్షల కార్లు చేయగల శక్తి దానికి గలదు. 2019లో మొదటి కార్లు అమ్మకమునకు వచ్చెను. వానలు చాలని యా సీమకు నింత పెద్ద సంస్థ యేల వచ్చినది? హైదరాబాదు నుండి బెంగుళూరు పోవు 44వ జాతీయ రహదారి ప్రక్కనే భూమి యంతయు నొక్కచోట దొరకినది. బెంగుళూరు కొన్ని గంటల ప్రయాణములోనే యున్నది. హంద్రీ-నీవా కాలువ ద్వారా శ్రీశైలపు నీరు గొల్లపల్లి జలాశయమునకు చేరియుండెను. ప్రభుత్వము రాయితీల నొసగెను. అది వచ్చినతోడనే విడిభాగములు చేయు కొరియా సంస్థలు కొన్ని దాని వెంట వచ్చి చుట్టుప్రక్కల నిలిచెను. ప్రత్తి పండు సీమకు జిన్నింగు మిల్లులు చేరినట్లే.

2020 ఫిబ్రవరిలో ఆ కర్మాగారము తమిళనాడునకు తరలిపోవునని యొక వార్త పుట్టెను. సంస్థయు, ప్రభుత్వమును దానిని ఖండించిరి. కర్మాగారమును కదలలేదు. వేలకోట్లు పోసి నాటిన యంత్రములను పెకలించుకొని పోవుట సులభము గాదు. కట్టకముందును, సగము కట్టినప్పుడును మాత్రము యజమానులు నిజముగా తావు మార్చుదురు. అందునకు సింగూరు సాక్ష్యము.

పశ్చిమ బెంగాలులో హుగ్లీ జిల్లాయందలి సింగూరులో టాటావారి చిన్నకారు కొఱకు 2006లో 997 ఎకరములను 1894 నాటి భూసేకరణ చట్టముక్రింద ప్రభుత్వము తీసికొనెను. కొందఱు రైతులు పరిహారము పుచ్చుకొనక యెదురు నిలిచిరి. రెండేండ్ల కలహము తరువాత 2008 అక్టోబరు 3వ తేదీన టాటావారు అచటినుండి తొలగిపోవుదుమని ప్రకటించిరి. నాలుగు దినములకే గుజరాతులోని సాణంద్ ఖాయమయ్యెను. అచట వారికిచ్చిన 1,100 ఎకరములు వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందిన నేల. వ్యవసాయశాఖ పనివాడనగు నాకు ఆ సంగతి చదివి సంతోషము కలుగలేదని దాచక చెప్పుచున్నాను. 2016 ఆగష్టు 31న సుప్రీముకోర్టు సింగూరు భూసేకరణ చెల్లదని తీర్పు చెప్పి, నేలను రైతులకు మరల నిప్పించెను. అందులో కాంక్రీటు పునాదులు పడిన మడులను మరల దున్నుకొనుట యెట్టి పనియో రైతులకు నేను వర్ణింపనక్కఱలేదు. ఏ కారుకొఱకు ఇంత జరిగెనో ఆ నానో కారును చేయుట 2018లోనే నిలిచిపోయెను. సాణందులో మాత్రము కార్ల పని నిలువలేదు. చెంతనే ఫోర్డువారు మూసివేసిన కర్మాగారమును సైతము టాటావారు 2023 జనవరిలో చేపట్టిరి. యజమానులు మాఱినను, ఒకమారు కుదిరిన తావు పనిని విడువదు.

ఇక ఇండ్ల సంగతికి వచ్చుచున్నాను. మన యింటి గాదెలో ధాన్యమెంత యున్నదని యడిగిన, తెలివిగల యిల్లాలు పుట్ల లెక్క చెప్పదు; "శ్రావణమువఱకు వచ్చును" అని చెప్పును. అమెరికా దేశములో ఇండ్ల నిలువను గూడ నిట్లే లెక్కింతురు. ఒక పట్టణమున అమ్మకమునకు 1,200 ఇండ్లు ఉండి, నెలకు 300 అమ్ముడు పోవుచున్నచో నిలువ నాలుగు నెలలకు వచ్చునందురు. ఆఱు నెలల నిలువ యున్నచో కొనువారికి, అమ్మువారికి సమతూకమని యచటి వర్తకుల వాడుక. అంతకు తగ్గినకొలది ధర యెగయును, మించినకొలది దిగును. కందుల సంగతియు నింతేకదా.

ఈ నిలువ చాలని చోటినుండి సంస్థలు కదలిపోవుట యచట పలుమారులు జరిగినది. టొయోటా కార్ల సంస్థ అమెరికాలో 1957 నుండి కాలిఫోర్నియాలోనే కాపురముండెను. 2014 ఏప్రిలులో తన ప్రధాన కార్యాలయమును లాస్ ఏంజిల్స్ చెంతనున్న టారెన్సునుండి టెక్సాసు రాష్ట్రములో డాలసు దాపుననున్న ప్లేనో పట్టణమునకు మార్తుమని ప్రకటించి, 2017 జూలైలో క్రొత్త కార్యాలయమును దెఱచెను. దాదాపు 4,000 ఉద్యోగముల సంగతి యది. కెంటకీలోను టెక్సాసులోను నున్న తన కర్మాగారములకు దగ్గఱగుట యొక కారణము, విమాన సౌకర్యమొకటి, టెక్సాసులో జీతముపై రాష్ట్రపు పన్ను లేకుండుట యొకటి. సాధారణోద్యోగి తన జీతముతో నిల్లు కొనగలిగియుండుటయు వీనిలో చేరినది. కాలిఫోర్నియా తీరమున ఉద్యోగములు పెరిగినంత వేగముగా ఇండ్లు పెరుగలేదు. క్రొత్త యిండ్లకు అనుమతులు దొరకుట కష్టమాయెను. ఇంటి వెల డాలసు ప్రాంతమున నున్నదానికి రెట్టింపునకు మించిపోయెను. ప్లేనోలోను, దాని పొరుగుననున్న ఫ్రిస్కోలోను మన తెలుగు కుటుంబము లనేకములు గలవు. కొడుకో కోడలో డాలసులో నున్న యింట నడిగిన యెడల, ఈ సంగతులను నాకంటె బాగుగ చెప్పుదురు.

అదే రాష్ట్రములోని ఆస్టిను పట్టణమున వేఱొక వింత జరిగెను. టెస్లా సంస్థ 2021లో తన ప్రధాన కార్యాలయమును కాలిఫోర్నియానుండి అచటికి మార్చెను. ఉద్యోగులు గుంపులుగా వచ్చి చేరుటచే 2022 వఱకు ఇండ్ల ధరలు మండిపోయెను. అంతట కట్టువారు విరివిగా గట్టిరి. ఆ యిండ్లు పూర్తియై వచ్చుచుండగా 2023 నుండి అద్దెలు దిగెను. ఇండ్లు కట్టినచోట నిట్లు దిగుటయు, కట్టని తావునుండి సంస్థలే లేచిపోవుటయు నేడు లెక్కలలో కనబడుచున్నవి.

మన ప్రక్కనే, శ్రీపెరుంబుదూరు ప్రాంతమున జరిగినది మఱింత కన్నులు తెఱపించును. అచట సెల్ ఫోనులు చేయు ఫాక్స్‌కాన్ కర్మాగారములో పనిచేయువారిలో పడుచు స్త్రీలే యెక్కువ. దూరపు జిల్లాలనుండి వచ్చి వసతిగృహములలో నుండువారు. 2021 డిసెంబరులో ఒక వసతిగృహమున భోజనము చెడి అనేకులు జబ్బుపడగా, ఆ యువతులు రహదారిపై బైఠాయించిరి. కర్మాగారము కొన్ని వారములు మూతబడి, 2022 జనవరిలో గాని తెఱువలేదు. పడకయు, అన్నమును సరిగా లేక ఎంతటి యంత్రశాలయైనను ఆగవలసివచ్చెను. తరువాత తమిళనాడు ప్రభుత్వపు పరిశ్రమల సంస్థ వల్లం వడగాల్‌లో 706 కోట్ల 50 లక్షల రూపాయల వ్యయముతో 18,720 మందికి చాలు వసతిని గట్టించి 2024 ఆగష్టులో ప్రారంభించెను. మన జిల్లాల పెద్దలు పరిశ్రమలను పిలుచునపుడు నీటిని, కరెంటును చూపుచున్నారు; ఇట్టి పడకల లెక్కను గూడ చూపవలసిన దినములు వచ్చినవి.

అయితే ఈ యిండ్లను ప్రభుత్వమే గట్టవలెనా? భూమిగల రైతే యేల గట్టరాదు? పూనా నగరమునకు తూర్పున హడప్సరులో మగర్‌పట్టా యను చోటగలదు. చెఱకు పండించుకొను దాదాపు 120 కుటుంబముల భూములవి. ఎక్కువమంది యొకే వంశమువారు. నగరము మీదికి వచ్చుచుండెను. ఒక్కొక్కరే భూమి నమ్ముకొన్నచో ధనము నాలుగేండ్లలో కారుగా, పెండ్లిగా, మేడగా కరగిపోవునని వారు గ్రహించిరి. సతీశ్ మగర్ అను వ్యవసాయ పట్టభద్రుడు ముందునిలువగా, 1990ల తరువాతి భాగమున వారందఱును తమ 400 ఎకరములకు పైబడిన నేలను ఒక్కటిగా చేర్చి, ఎవరి యెకరములకు తగినట్లు వారికి వాటాలుండునట్లు ఒక కంపెనీని పెట్టుకొని, 2000 ప్రాంతమున నిర్మాణ మారంభించిరి. ఇండ్లు, బడి, తోట, వైద్యశాల, వానితోపాటు కంప్యూటరు సంస్థలకు కార్యాలయ భవనములును అందే లేచినవి. పనిచేయువారు ఇల్లును పనిచోటును ఒక్క ప్రాకారములోనే కలిగియుండుటచే సంస్థలు అచటికి వెదకికొని వచ్చినవి. రైతుల బిడ్డలలో కొందఱు ఆ నిర్మాణమునకే సరకులు చేరవేయు గుత్తలు పట్టి వ్యాపారులైరి.

దీనిని విని మన సభ్యులు రేపే పొలములు కలిపివేయవలదు. మగర్‌పట్టా చెంత లక్షలాది జనముగల నగరమున్నది; వారిలో రక్తసంబంధమున్నది; అనుమతులకు, ఏర్పాట్లకు ఏండ్ల తరబడి వేచియుండు నోపికయు నుండెను. అదియు కంపెనీయే కాని సహకార సంఘము కాదు. అయినను ఎకరముల ననుసరించి వాటా యను నాధారము మన సంఘములకు క్రొత్తది కాదు. సహకార పద్ధతిని ఇండ్లు కట్టుటయు మన దేశమున పాతదే: బొంబాయిలో గాందేవి యొద్ద సారస్వత సహకార గృహనిర్మాణ సంఘము 1915లోనే యేర్పడెను. ఋణము మాటకు వచ్చిన, 2022 జూనులో రిజర్వు బ్యాంకు గ్రామీణ సహకార బ్యాంకులు ఒక్కొక్కరికి ఇయ్యదగిన గృహఋణపు పరిమితిని, చిన్న బ్యాంకులకు 20 లక్షలనుండి 50 లక్షలకును, పెద్దవానికి 30 లక్షలనుండి 75 లక్షలకును పెంచినది.

ఇక పైని చెప్పిన గ్రామపు లెక్క. సభ ముగిసిన పిదప నేనును సంఘ కార్యదర్శియు వీథులన్నియు తిరిగితిమి. వెయ్యిమంది పనివారు వత్తురనుకొందము. అందు ఆఱువందలు చుట్టుప్రక్కల గ్రామములనుండి యింటికి పోయి వచ్చువారే యనుకొందము. మిగిలిన నాలుగువందలమందికి గదికి ముగ్గురు చొప్పున 134 గదులు కావలెను. చిన్ననాటి బడిలో నేర్చిన త్రైరాశికమే చాలును. ఆ సాయంకాలమునకు మేము చూచిన ఖాళీ గదులు 11; అందు నాలుగింటిలో వేరుసెనగ బస్తాలున్నవి. మరుగుదొడ్డి గలవి అయిదు. ఇట్టి స్థితిలో కర్మాగారము వచ్చెనా, ఉన్న గదుల అద్దె రెట్టింపై, బడిపంతులును ఆస్పత్రి నర్సును ఊరు విడుతురు. పనివారిని సంస్థవారు ముప్పది మైళ్లనుండి బస్సులపై తెచ్చుకొందురు. వారి జీతములు ఆ దూరపు పట్టణపు కిరాణా కొట్లలో ఖర్చగును. నాట్లకు కలుపునకు కూలీలు దొరకని బాధ మాత్రము మనకు మిగులును.

వదంతిని నమ్మి అప్పుచేసి గదులు కట్టుట దీనికంటె చెడ్డది. ఒడంబడిక జరిగెనా, భూమి స్వాధీనమయ్యెనా, నీటి గొట్టము వేసిరా, యివి కన్నులార చూచిన పిదపనే మొదటి పది గదులకు పునాది తీయవలెను. అవి నిండిన పిదప తక్కినవి. పంచాయతీ యనుమతియు, సాగుభూమిని ఇండ్లకు మార్చు నిబంధనలును తహసీలుదారు కచేరీలో ముందుగా విచారింపవలెను. బావికి అరవై గజములలోపల సెప్టిక్ గుంట త్రవ్వనీయరాదని నేను ఆ సంఘమువారితో గట్టిగా చెప్పితిని.

ఆ వృద్ధ రైతు మమ్ములను తన కల్లమువఱకు వెంటబెట్టుకొని పోయి మజ్జిగ యిచ్చెను. ఆయనకు రహదారి ప్రక్క మూడున్నర యెకరములున్నవి. దళారి యొకడు బయానా సొమ్ముతో రెండుమార్లు వచ్చి పోయెనట. "అరెకరము దారివైపు వదిలిపెడతానయ్యా, కంపెనీ సంగతి తేలేదాకా. తక్కిన మూడెకరాలకు మీ విత్తనాల మందు ఎంత కలపాలో యిప్పుడు చెప్పండి" అనెను. కార్యదర్శి కాగితముపై వ్రాసికొనెను.