కత్తెర దారి తప్పితే...

'గ్లయోబ్లాస్టోమా'. బాబాయ్ బయాప్సీ రిపోర్టులో ఆ మాట చూసిన రోజు పిన్ని నన్ను పక్కకి పిలిచి అడిగింది: "జీన్స్ వల్ల వస్తుందటగా. మరి పిల్లలకీ వస్తుందేంట్రా?" సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, నాకేం తెలుసు? చదవడం మొదలుపెట్టా.

మన కణాల్లో ఓ ఎడిటింగ్ రూమ్ ఉంది. జన్యువు నుంచి ముందు ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. అందులో అక్కర్లేని ముక్కలు తీసేసి, కావాల్సినవి అతికిస్తారు. అదే స్ప్లైసింగ్. 1977లో దీన్ని కనిపెట్టిన ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది.

ఒకే ఫుటేజ్‌తో రెండు సినిమాలు చేయొచ్చు కదా! పీకేఎం జన్యువులో తొమ్మిదో ముక్క ఉంచితే పీకేఎం1, పదోది ఉంచితే పీకేఎం2 ప్రోటీన్ వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మెదడులో మొదటిదే ఎక్కువ. గ్లయోమా కణితుల్లో రెండోది పెరుగుతుంది. ఏ ముక్క ఉండాలో తేల్చే పీటీబీ లాంటి ప్రోటీన్లు అక్కడ అతిగా తయారవడమే కారణం. దాంతో కణం గ్లూకోజ్‌ని కొత్త కణాలు కట్టుకునే సరుకుగా మళ్లించుకుంటుంది. కణితిలో వేరే జన్యుమార్పులూ ఉంటాయి. కానీ ఈ తప్పుకి పీకేఎంలో ఒక్క అక్షరం కూడా మారక్కర్లేదు!

స్ప్లైసింగ్‌ని సరిచేసే మందులు లేకపోలేదు. ఎస్ఎంఏ అనే కండరాల జబ్బుకి నుసినెర్సెన్‌ను అమెరికా 2016లో అనుమతించింది. అలాంటిది బాబాయ్ జబ్బుకి ఇంకా రాలేదు.

పిన్నికి మాత్రం జవాబు చెప్పగలిగా. "ఇది చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేది కాదు పిన్నీ. తప్పు ఆ కణాల్లో జరిగింది, మన రక్తంలో కాదు."

ఆ రాత్రి పిన్ని కాస్త అన్నం తింది.