సంకల్పమునకు శుభముహూర్తమేది?



పండుగలు సమీపించినపుడు మన ఇండ్లలో ఒక మాట తరచుగా వినవచ్చును. "ఈ ఉగాది నుండి త్రాగుడు మానెదను" అని ఒకరందురు. "శివరాత్రికి మాల వేసికొని అప్పటి నుండి మారెదను" అని మరొకరందురు. "పిల్ల పెండ్లి కానిండు, నిత్యపారాయణము మొదలుపెట్టెదను" అని ఇంకొకరందురు. పండుగ వచ్చును, వెళ్లును. మాట మాత్రము తరువాతి పండుగకు వాయిదా పడును. ఈలోపల ఆయుష్షు తరిగిపోవుచుండును. ఇంటిలోనివారి కన్నీరు ఆరదు. జీవితమును దిద్దుకొనుటకు తగిన సమయమేది అను ప్రశ్న పంచాంగమును గౌరవించు మనకు చిన్న ప్రశ్న కాదు. కనుక కొంచెము విచారింతము.

మనము ఏ పూజకు కూర్చున్నను మొదట సంకల్పము చెప్పుకొందుము. అందులో బ్రహ్మదేవుని ఆయుష్షులో రెండవ సగము మొదలుకొని, శ్వేతవరాహకల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగ ప్రథమపాదము అని కాలమును చెప్పుచు, సంవత్సరము, అయనము, ఋతువు, మాసము, పక్షము, తిథి, వారము వరకు దిగివత్తుము. దేశమును చెప్పునపుడు తెలుగునాట శ్రీశైలమును గురుతుగా పెట్టుకొందుము. నంద్యాల జిల్లా ఆత్మకూరులో కూర్చున్నవాడు తాను శ్రీశైలమునకు నైరుతి దిక్కున ఉన్నానని చెప్పుకొనును. హైదరాబాదువాడు వాయవ్యమున ఉన్నాననును. ఇంత విశాలమైన కాలము, ఇంత విశాలమైన దేశము చెప్పి, చివరకు ఎచటికి వచ్చుచున్నాము? ఈ దినము, ఈ చోటు, ఈ నేను. పిదప "కరిష్యే" అందుము. చేసెదను అని దాని అర్థము. ఆ క్రియ సంస్కృతమున ఆత్మనేపదము. చేసిన పని ఫలము చేయువానికే చెందునని ఆ రూపమే సూచించుచున్నది. రేపటి తిథిని చెప్పి నేడు సంకల్పించు ఆచారము మనకు లేదు.

అట్లయిన ముహూర్తములు వ్యర్థమా అని అడుగవచ్చును. కానే కావు. వివాహము, ఉపనయనము, గృహప్రవేశము మొదలగునవి పదిమందితో కూడిన శుభకార్యములు. బంధువులు రావలెను, అగ్నిసాక్షిగా కర్మ జరుగవలెను. వానికి పెద్దలు కాలనియమము చేసినారు. ఒక దోషమును విడుచుట అట్టిది కాదు. ఇల్లు అంటుకొన్నపుడు నీళ్లు చల్లుటకు వర్జ్యము చూచువారు లేరు గదా!

భీష్ముని చరిత్రయందు ఈ రెండును కనిపించును. అంపశయ్యపై పరుండి ఆ మహాత్ముడు దేహత్యాగమునకు ఉత్తరాయణము కొరకు వేచియుండెనని మనకందరకు తెలియును. కాని ఆయనకు భీష్ముడను పేరు తెచ్చిన ప్రతిజ్ఞ ఎప్పుడు చేసెను? తండ్రి దుఃఖమునకు కారణము తెలిసిన వెంటనే దాశరాజు కడకు పోయి, రాజ్యమును వదలెదనని, అదియు చాలదన్నపుడు ఆజన్మ బ్రహ్మచర్యమును పాటించెదనని అచటనే పలికెను. దేహము విడుచుటకు కాలము కొరకు ఆగినవాడు ధర్మము పట్టుటకు ఒక్క ఘడియ ఆగలేదు. భాగవతమందలి ఖట్వాంగ మహారాజు తనకు ఒక్క ముహూర్తకాలమే ఆయువు మిగిలినదని తెలిసికొని, ఆ కొద్దిసేపటిలోనే సర్వసంగములను విడిచి హరిని శరణుజొచ్చెను. ముహూర్తమనగా రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు. మన చేత ఇంకను ఎన్ని ముహూర్తములు ఉన్నవో ఎవరు చెప్పగలరు?

ఇక పండుగలకు, దీక్షలకు గల ప్రయోజనమేమి? దీనికి సమాధానము ఆత్మకూరు బాటయే చెప్పుచున్నది. ఉగాదికి ముందు కర్ణాటక, మహారాష్ట్రముల నుండి వేలకొలది భక్తులు కాలినడకన శ్రీశైలమునకు వత్తురు. భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచని కన్నడిగుల నమ్మకము. వారిలో అనేకులు ఆత్మకూరు మీదుగా వెంకటాపురము, నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి నల్లమల అడవిలో ఎండకు నడచి కైలాసద్వారము చేరుదురు. ఉగాదినాడు మల్లన్న సన్నిధిలో ఉండదలచినవాడు ఉగాదినాడు ఇల్లు కదలడు. ఎన్నో దినముల ముందే గడప దాటును. పండుగ అతనికి గమ్యము. బయలుదేరుట మాత్రము అంతకుముందే ఒక మామూలు దినమున జరిగినది. ఆ దినమునకు పంచాంగములో ప్రత్యేకమైన పేరు ఉండకపోవచ్చును, కాని యాత్ర అంతయు దానిపైననే ఆధారపడియున్నది.

దీక్షయు అట్టిదే. 41 దినముల మండలదీక్షలో తోడుగా స్వాములుందురు, స్నానపూజలకు వేళలుండును, ఊరివారి గౌరవముండును. ఇవి బలహీనమైన మనస్సుకు ఊతకఱ్ఱలు. వానిని తప్పక వినియోగించుకొనవలెను. కాని ఇరుముడి దించి మాల తీసిన మరునాడే తండ్రి మరల సీసా పట్టినచో, ఆ 41 దినములు సంతోషముగా గడిపిన బిడ్డ ముఖము ఎట్లు వాడిపోవునో తలచుకొనుడు. దీక్షా విరమణ నియమములకే గాని నడవడికి కాదు. అసలైన పరీక్ష 42వ దినమున మొదలగును.

కనుక భక్తులకు మా మనవి ఇది. సంకల్పము చిన్నదిగా ఉండనిండు. "ఇక ఎన్నడును కోపగించను" అనుటకంటె "నేటి సాయంకాలము వరకు పరుషవాక్యము పలుకను" అనుట మేలు. దానిని దేవుని ఎదుట, ఇంటిలో ఒక్క పెద్ద ఎదుట చెప్పుడు. రాత్రి దీపము వద్ద ఆ దినము ఎట్లు గడచినదో తలచుకొనుడు. ఎన్నో ఏండ్లుగా మద్యమునకు లోబడినవారు ఒక్కసారిగా మానినచో వణుకు, మూర్ఛ కలుగవచ్చును. అట్టివారు వైద్యుని సలహాతో మానవలెను. అది భక్తికి లోటు కాదు. ఎప్పుడైన తప్పు దొర్లినచో మరుసటి ఉగాది వరకు ఆగవద్దు. మరునాటి సూర్యోదయము చాలును.

ఈ పత్రమును చదివి ముగించిన ఈ ఘడియలో మీకు తెలిసిన మంచి ఒకటి మీ మనస్సులో మెదలుచునే యుండును. దానికి ఇదియే ముహూర్తము. మల్లికార్జునుని తలచి మొదలిడుడు. వచ్చు పండుగనాటికి దారిలో కొంత దూరము నడచియుందురు.

ఓం నమశ్శివాయ.