ఇంటి విలువ కట్టే వృత్తికి ఏం చదవాలి?



అమెరికాలో ఇల్లు కొన్నవారికి అప్రైజల్ అనే మాట కొత్త కాదు. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు ఒకరు వచ్చి ఇల్లంతా కొలుస్తారు, ఫోటోలు తీస్తారు, చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్లతో పోల్చి, ఈ ఇంటి విలువ ఇంత అని నివేదిక రాస్తారు. ఆయనే అప్రైజర్. ఇల్లు చూపించే ఏజెంటు వేరు, ఈయన వేరు. ఏజెంటుకు బేరం కుదిరితేనే కమిషను. అప్రైజర్ ఫీజుకీ, ఆయన కట్టిన విలువకీ సంబంధం ఉండకూడదు. "మనవాళ్ల ఇల్లే కదండీ, ఓ పదివేలు ఎక్కువ వేసి రాయండి" అంటే కుదరదు. అలా రాస్తే లైసెన్సుకే ముప్పు.

నేను ఐటీ కన్సల్టెంటును. కొన్నేళ్లుగా గృహరుణాల సాఫ్ట్‌వేర్ మీద పని చేస్తున్నాను కాబట్టి ఈ నివేదికలు నాకు పరిచయమే. అయితే ఈ వృత్తిలోకి ఎలా వెళ్లాలో కూలంకషంగా తెలుసుకున్నది మాత్రం మా ఆవిడ కోసం. ఆమె చదివింది మన దగ్గరి మూడేళ్ల బీకాం. ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంది. "ఈ డిగ్రీ చాలుతుందా, మళ్లీ కాలేజీలో చేరాలా?" అన్నది ఆమె మొదటి ప్రశ్న. మీలో చాలామందిదీ ఇదే ప్రశ్న అయి ఉంటుంది.

ముందుగా నిబంధనలు ఎవరివో చూద్దాం. 1980లలో ఇక్కడ పొదుపు, రుణ సంస్థలు వరసగా కుప్పకూలాక, 1989లో ఫెడరల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం లైసెన్సు ఇచ్చేది రాష్ట్రాలు. కనీస అర్హతలు నిర్ణయించేది అప్రైజల్ ఫౌండేషన్‌లోని అప్రైజర్ క్వాలిఫికేషన్స్ బోర్డు. రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువ అడగవచ్చు, తక్కువ అడగకూడదు. అందుకని నేను చెప్పే అంకెలు కనీసం అనుకోండి.

మొదటి మెట్టు ట్రైనీ. దీనికి కాలేజీ డిగ్రీ అక్కర్లేదు. మూల సూత్రాలు 30 గంటలు, పద్ధతులు 30 గంటలు, వృత్తి ప్రమాణాలు 15 గంటలు, వెరసి 75 గంటల కోర్సులు. 2026 జనవరి 1 నుంచి, విలువ కట్టడంలో పక్షపాతం, గృహ వివక్ష చట్టాల మీద 8 గంటల కోర్సు కూడా తప్పనిసరి అయింది. కోర్సులు ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు గానీ, చివరి పరీక్ష ఎవరో ఒకరి పర్యవేక్షణలో, పుస్తకం చూడకుండా రాయాలి.

రెండోది లైసెన్స్‌డ్ రెసిడెన్షియల్. ట్రైనీగా చదివిన 75 గంటల పైన ఇంకో 75 గంటలు చదవాలి. స్థలం విలువ, కట్టుబడి ఖర్చు, అమ్మకాల పోలిక, నివేదిక రాయడం ఇందులో వస్తాయి. 1,000 గంటల అనుభవం కావాలి, అదీ ఆరు నెలలకు తక్కువ కాకుండా. ఆపైన జాతీయ పరీక్ష. 2018 మే నుంచి జాతీయ నిబంధనల్లో ఈ మెట్టుకు కాలేజీ చదువు అడగడం లేదు. ఈ లైసెన్సుతో పది లక్షల డాలర్ల లోపు మామూలు ఇళ్లకు విలువ కట్టవచ్చు.

మూడోది సర్టిఫైడ్ రెసిడెన్షియల్. మొత్తం 200 గంటల కోర్సులు, 1,500 గంటల అనుభవం, కనీసం ఏడాది కాలం. ఇక్కడ డిగ్రీ మాట వస్తుంది. ఏ సబ్జెక్టులోనైనా బ్యాచిలర్స్ సరిపోతుంది. అది లేకపోతే నిర్ణీత సబ్జెక్టుల్లో 30 సెమిస్టర్ క్రెడిట్లు చదవడం ఒక దారి. లైసెన్స్‌డ్ మెట్టులో ఐదేళ్లు ఏ మచ్చా లేకుండా పనిచేయడం ఇంకో దారి. నాలుగోది సర్టిఫైడ్ జనరల్. వ్యాపార భవనాలకు ఇదే. 300 గంటల కోర్సులు, 3,000 గంటల అనుభవం, ఏడాదిన్నర కాలం, బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరి.

మన డిగ్రీల సంగతి చెబుతాను. ఇక్కడ ఎం.ఎస్. చేసినవారికి చిక్కు లేదు. ఇండియా డిగ్రీ ఒక్కటే ఉంటే, గుర్తింపు పొందిన సంస్థతో సమానత నివేదిక తెప్పించుకోవాలి. నాలుగేళ్ల బీటెక్‌కు సాధారణంగా ఇబ్బంది రాదు. మూడేళ్ల బీకాం, బీఎస్సీలను కొందరు ఇక్కడి డిగ్రీకి సమానం అనరు, మూడేళ్ల చదువుగానే లెక్కిస్తారు. డబ్బు కట్టే ముందు మీ రాష్ట్ర బోర్డు ఎవరి నివేదిక ఒప్పుకుంటుందో రాతపూర్వకంగా అడగండి. ఇంకో మాట, సివిల్ ఇంజనీరింగ్ చదివామని కోర్సు గంటలు తగ్గవు. డిగ్రీ లెక్క వేరు, కోర్సుల లెక్క వేరు.

అందుకని మా ఆవిడ మొదట లైసెన్స్‌డ్ మెట్టు ఎక్కుదామనుకుంది. బీకాం ప్రశ్న ప్రస్తుతానికి పక్కకు పోయింది. కానీ అసలు కష్టం అప్పుడే తెలిసింది. ఆ 1,000 గంటలు ఎవరి దగ్గర చేయాలి? పర్యవేక్షకుడు సర్టిఫైడ్ అయి ఉండాలి, గత మూడేళ్లలో క్రమశిక్షణ చర్యలతో పనికి ఆటంకం రాకూడదు, సాధారణంగా ముగ్గురికి మించి ట్రైనీలను తీసుకోకూడదు. ట్రైనీ తప్పు రాస్తే సంతకం పెట్టిన ఆయనే జవాబు చెప్పుకోవాలి. పైగా రేపు పోటీకి వచ్చే మనిషికి ఈ రోజు పని నేర్పడం ఎవరికి ఇష్టం? ఆమె ఫోన్ చేసినవారిలో చాలామంది మర్యాదగానే కాదన్నారు. ఒకాయన మాత్రం, మొదటి కోర్సులు పూర్తిచేసి రమ్మన్నారు. ఆ మాట వచ్చాకే ఫీజు కట్టాం.

మీకు నా సలహా కూడా అదే. కోర్సులు ఎక్కడైనా దొరుకుతాయి, పర్యవేక్షకుడు దొరకడం కష్టం. ముందు ఆయన్ని వెతకండి. ఫెడరల్ సంస్థ అప్రైజల్ సబ్‌కమిటీ నడిపే జాతీయ రిజిస్ట్రీలో మీ ప్రాంతపు అప్రైజర్ల పేర్లు ఉచితంగా చూడవచ్చు. ఎవరూ దొరకకపోతే, 2021 నుంచి పారియా అనే మరో దారికి అనుమతి ఉంది. కంప్యూటర్ మీద, గురువుల పరిశీలనలో నమూనా పనులు చేసి అనుభవం లెక్క చూపించుకోవచ్చు. మీ రాష్ట్రం దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటుందో ముందే కనుక్కోండి.

కాలం లెక్క కూడా వేసుకోండి. వారాంతాల్లో పది గంటలు చేస్తే 1,000 గంటలకు నూరు వారాలు, అంటే దాదాపు రెండేళ్లు. ట్రైనీ దరఖాస్తుకు చూపే కోర్సులు అంతకు ముందు ఐదేళ్ల లోపు చదివినవై ఉండాలి. జాతీయ పరీక్ష ఫలితం 24 నెలలే చెల్లుతుంది.

చివరిగా వీసా. చదువుకోవడం వేరు, పని చేయడం వేరు. హెచ్‌వన్‌బీ మీద ఉన్నవారు తమ కంపెనీకి తప్ప ఇంకొకరికి పని చేయకూడదు. జీతం లేకుండానే కదా అని ట్రైనీగా చేరకండి, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. పని అనుమతి ఉన్న భార్యాభర్తలకు మాత్రం, డిగ్రీ చిన్నదైనా, ఇది గౌరవంగా నిలబడగలిగే వృత్తి.