వైద్యశాలలో ఆరని దీపము

హైదరాబాదు నగరమున మూసీనది యొడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటములను చూడనివారు మన పాఠశాలలో అరుదు. ఆ భవనమునకు పూర్వము అచ్చట మరియొక ఆసుపత్రి యుండెడిది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి దానిని రూపుమాపెను. ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. పిదప ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలమున, విన్సెంట్ ఎష్ అను శిల్పి రూపకల్పనతో నేటి పాతభవనము లేచెను. 2020 జూలైలో వాననీరు దాని వార్డులలో చొరబడగా, ఆ నెలలోనే రోగులను అందుండి తరలింపవలసివచ్చెను. గోషామహలునందు నూతన ఆసుపత్రికి 2025 జనవరి 31వ తేదీన శంకుస్థాపన జరిగినది.

క్రొత్త వైద్యశాలలు కట్టుకొను ఈ కాలమున ఒక ప్రశ్న విచారింపదగియున్నది. వైద్యశాలలన్నియు ఎండ, గాలి, నీరు మొదలగు తరుగని వనరుల వలన పుట్టిన విద్యుత్తుతోనే నడువవలెనని శాసనము చేయవచ్చునా? ఈ విషయమును చదువరులకు తేటపరచుట మా యుద్దేశము.

మొట్టమొదట వైద్యశాలకు విద్యుత్తు ఎందులకో యోచింతము. ఇంటిలో దీపమారినచో విసుగు కలుగును. శస్త్రచికిత్సాగృహములో ఆరినచో ప్రాణమునకే ముప్పు. నెలలు నిండక పుట్టిన శిశువును వెచ్చగా నుంచు పెట్టె, శ్వాసయంత్రము, గాలినుండి ప్రాణవాయువును వేరుచేయు యంత్రము, ఇవన్నియు విద్యుత్తుపై నాధారపడినవే. టీకామందులలో పెక్కింటిని 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు చల్లదనములో నుంచనిచో వాని గుణము చెడును.

ఇక ఆ విద్యుత్తు వచ్చు త్రోవ చూడుడు. మన రాష్ట్రమున దానిలో అధికభాగము బొగ్గును కాల్చుటవలన వచ్చుచున్నది. తీగలో విద్యుత్తు నిలిచినప్పుడు డీజిలు జనరేటరు నడుపుదురు. ఈ రెంటి పొగయు ఊపిరితిత్తులకు హాని చేయును. ఒక వాకిట రోగమును మాన్పుచు వేరొక వాకిట రోగమును పుట్టించుట వైద్యశాలకు తగదు. కావున శాసనము కోరువారి యాశయము మంచిదే యని మేమును ఒప్పుకొందుము.

అయినను లెక్క చూడక ఆశయమును మెచ్చరాదు. ఒక కిలోవాటు సౌరఫలకములకు ఇంచుమించు 100 చదరపుటడుగుల చోటు కావలెను. మనదేశపు ఎండలో అవి సగటున దినమునకు 4 యూనిట్ల విద్యుత్తు నిచ్చును. దినమునకు 4,000 యూనిట్లు వాడు వైద్యశాల యొకటి కలదనుకొనుడు. దానికి 1,000 కిలోవాట్ల ఫలకములును, లక్ష చదరపుటడుగుల చోటును, అనగా రెండెకరములకు పైబడిన కప్పును కావలెను. అంతస్తులపై అంతస్తులు కట్టిన నగరపు వైద్యశాలకు అంత కప్పెక్కడిది? కావున తక్కువపడినది దూరప్రదేశమునుండి కొనవలెను. 2022లో భారత ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము 100 కిలోవాట్ల విద్యుత్తు వాడువారు సైతము అట్లు తరుగని విద్యుత్తును నేరుగా కొనుటకు వీలు కలిగినది.

ఇచ్చట చాలమందికి తెలియని సంగతి యొకటి గలదు. సాధారణముగా వీధితీగతో కలిపిన సౌరఫలకములు, ఆ తీగలో విద్యుత్తు నిలిచినతోడనే తామును ఆగిపోవును. తీగను బాగుచేయు పనివానికి దెబ్బ తగులకుండుటకై అట్లమర్చెదరు. బ్యాటరీలును, తీగనుండి విడివడి నడుచు ఏర్పాటును లేనిచో, మిట్టమధ్యాహ్నమున కప్పునిండ ఫలకములున్నను లోపల చీకటియే. కావున సంవత్సరమున ఇన్ని యూనిట్లు తరుగని శక్తి వాడవలెనని మాత్రమే శాసించినచో, లెక్కపుస్తకము నిండును గాని రోగికి రక్షణ కలుగదు.

చక్కగా అమర్చినచో కలుగు మేలునకు మన పొరుగున నున్న ఛత్తీస్‌గఢ్ నిదర్శనము. అచ్చట పెక్కు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు బ్యాటరీలతో కూడిన సౌరవిద్యుత్తు నమర్చిరి. 2017లో ప్రకటింపబడిన పరిశీలనలో, అట్టి కేంద్రములందు జరిగిన కాన్పులు తక్కిన కేంద్రములకంటె ఇంచుమించు రెట్టింపని తేలెను. రాత్రివేళ దీపమున్నచోటికి గర్భిణీస్త్రీలు ధైర్యముతో వత్తురు గదా!

అమర్చు స్థలమును ముఖ్యమే. 2012లో న్యూయార్కు నగరమున తుపాను వచ్చినప్పుడు ఒక గొప్ప వైద్యశాల నేలమాళిగలో నీరు నిండి, అత్యవసర విద్యుత్తు సహితము నిలిచిపోయెను. సుమారు 300 మంది రోగులను రాత్రికిరాత్రి మెట్లమీదుగా దింపి తరలించిరి. మూసీ వరదనెరిగిన మనము బ్యాటరీలను, జనరేటర్లను నీరందని యెత్తున నుంచవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

కావున మా యభిప్రాయమిది. శాసనము కావలసినదే, కాని దాని మొదటి వాక్యము ఆరగూడని దీపములనుగూర్చి యుండవలెను. శస్త్రచికిత్స, ప్రసూతి, శిశురక్షణ, టీకామందులు, ప్రాణవాయువు: వీనికి తగిన బ్యాటరీలతో సౌరవిద్యుత్తు ముందుగా నేర్పడవలెను. తక్కిన దీపములకు, పంకాలకు, చల్లని గాలియంత్రములకు కొన్ని యేండ్ల గడువిచ్చి క్రమముగా తరుగని విద్యుత్తు కొనింపవలెను. ముసురు పట్టి యెండ కానరాని దినములకై డీజిలు జనరేటరును కడపటి యండగా నుంచవలెను. బీదల వైద్యశాలలకు వ్యయము ప్రభుత్వమే భరింపవలెను. లేనిచో ఆ భారము రోగి మందులమీద పడును.

విద్యార్థులారా! మీ యూరి వైద్యశాలకు మీరు పోయినప్పుడు ఒక ప్రశ్న వినయముతో అడుగుడు: "అయ్యా, ఈ నిమిషమున తీగలో విద్యుత్తు ఆగినచో ఇచ్చట ఏ యే దీపములు వెలుగుచుండును?" దానికి వచ్చు సమాధానమే ఆ వైద్యశాల యెంత సిద్ధముగా నున్నదో మీకు తెలుపును.