ఉప్పునీటి తొట్టెలో పాత ఇసుక

ఇసుక మన కంటికి జీవము లేని వస్తువు. గోదావరి తీరమున నివసించు వారికి అది కొరతయైన వస్తువు కూడ కాదు. అయినను సముద్రపు చేపలను పెంచు గాజుతొట్టెలో ఒకమారు వాడి, మూటగట్టి కొట్టములో దాచిన ఇసుకను తిరిగి వాడవచ్చునా యను ప్రశ్న వచ్చినప్పుడు జవాబు అంత సులభము కాదు. ఈ ప్రశ్న పిల్లల వేడుకకు సంబంధించినదని కొట్టివేయరాదు. భీమవరము, అమలాపురము ప్రాంతములలో పాత రొయ్యల చెరువును కౌలుకు తీసుకొను రైతు ఎదుట నున్నదియు ఇదే ప్రశ్న. తొట్టెలో పోవునది నాలుగు చేపలు. చెరువులో పోవునది ఒక కుటుంబము యొక్క సంవత్సరపు జీవనము.

ముందుగా ఇసుక చేయు పనిని తెలిసికొందము. చేపల విసర్జనము నుండియు, తినక మిగిలిన మేత కుళ్ళుట వలనను నీటిలో అమ్మోనియా పుట్టును. ఇది చేపలకు విషము. ఇసుక రేణువుల నంటియుండు సూక్ష్మజీవులలో ఒక తెగ ఈ అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. అదియు విషమే. రెండవ తెగ ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. ఇది చాలవరకు హాని లేనిది. రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున ఈ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను. పాలు పెరుగగుటకు తోడు ఎట్టిదో, కొత్త తొట్టెకు ఈ జీవులట్టివి. తోడు లేక పాలు విరుగును. ఈ జీవులు లేక తొట్టె చెడును.

ఇక దాచిన ఇసుక సంగతి. బాగుగ కడిగి, ఎండబెట్టి దాచినచో అందలి మేలుచేయు జీవులు చాలవరకు నశించును. అట్టి ఇసుక శుభ్రమైనదే కాని తోడు లేనిది. కడుగకయే ఎండబెట్టినచో చచ్చిన పురుగులు, మేత తునుకలు రేణువుల నడుమ నిలిచియుండును. తిరిగి నీరు తగులగనే అవి కుళ్ళి అమ్మోనియా పుట్టించును.

తడిగానే మూటగట్టినచో వచ్చు ముప్పు ఇంకను పెద్దది. లోపలి ప్రాణవాయువు త్వరలో హరించిపోవును. అప్పుడు గాలి అక్కరలేని వేరొక తెగ సూక్ష్మజీవులు విజృంభించును. సముద్రజలమున లీటరొకటికి సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు గలదు. ఈ జీవులు దానిని హైడ్రొజను సల్ఫైడు అను విషవాయువుగా మార్చును. కుళ్ళిన గుడ్డు వాసన దీనిదే. ఇసుకలోని ఇనుముతో కలిసి ఇది నల్లని పదార్థమగును. మంచినీటిలో సల్ఫేటు స్వల్పము గనుక మంచినీటి తొట్టెలో ఈ బాధ తక్కువ.

ఇచ్చట ఒక భ్రమకు లోను కారాదు. మన సముద్రతీరపు ఇసుకలో ఇల్మనైటు వంటి నల్లని ఖనిజములు సహజముగనే కలవు. నల్లనిదెల్ల కుళ్ళు కాదు. గుప్పెడు ఇసుకను గాలి తగులునట్లు ఎండలో పరచి చూడుడు. కుళ్ళువలన వచ్చిన నలుపు క్రమముగా వెలిసి బూడిదవన్నెకో గోధుమవన్నెకో తిరుగును. ఖనిజపు నలుపు మారదు. దానికి దుర్గంధమును ఉండదు.

పాత ఇసుకను వాడదలచినవారు మొదట దాని పూర్వచరిత్ర విచారింపవలెను. వెనుకటి తొట్టెలో చేపల రోగమునకు మైలతుత్తము వాడియుండినచో ఆ ఇసుకను విడిచిపెట్టుటయే మేలు. అందలి రాగి ఇసుకను అంటియుండి పిదప కొంచెము కొంచెముగా నీటిలోనికి దిగును. చేపలు ఓర్చుకొన్నను రొయ్యలు, నత్తలు దానికి ఓర్వజాలవు.

అట్టి దోషము లేనిచో ఇసుకను జల్లించి, కొంచెము కొంచెముగా బకెట్టులో వేసి, పైనీరు తేటపడు వరకు మంచినీటితో కడుగవలెను. పలుచగా పరచి, తిరుగవేయుచు, వాసన పూర్తిగా పోవువరకు ఎండబెట్టవలెను. కడపట ఉప్పునీట తొలిచి తొట్టెలో ఒకటి రెండు అంగుళముల మందమున పరచవలెను. మందము హెచ్చిన కొలది అడుగున గాలి చొరక మరల నల్లబడును. పిదప ఆరోగ్యముగానున్న వేరొక తొట్టె నుండి గుప్పెడు ఇసుక తెచ్చి తోడు వేయవలెను. రోగమున్న తొట్టె నుండి తెచ్చినచో రోగమును తెచ్చినట్లే. పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును లేవని తేలువరకు చేపలను విడువరాదు. ఇందుకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. నీరు తేటగా నున్నదని తొందరపడినచో మోసము వచ్చును. ఈ విషములు కంటికి కనబడవు.

చెరువు విషయమున ఇసుకకు మారు బురద. ధర్మము మాత్రము ఒక్కటే. 1994వ సంవత్సరమున మన దేశపు రొయ్యల చెరువులలో తెల్లమచ్చల రోగము ప్రవేశించి టైగరు రొయ్యల సాగును చాలచోట్ల కూల్చినది. 2009లో వెనామీ రొయ్య వచ్చిన తరువాతను ఆ భయము తొలగలేదు. చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి జలజీవుల పెంపక సంస్థవారు చేసిన ప్రయోగములలో ఈ రోగపు విషక్రిమి ఎండుచున్న చెరువు మట్టిలో 19 దినముల వరకును, నీరు నిలిచిన మట్టిలో 35 దినముల వరకును రోగము కలిగింపగల స్థితిలో నుండినట్లు తేలినది. కావున పంట తీసిన పదునైదవనాడే నీరు పెట్టువాడు పాత రోగమునకు కొత్త మేత నిచ్చుచున్నాడు. నల్లబురదను తీసి, నేల నెరియలు విచ్చు వరకు ఎండగట్టి, దున్ని గాలి తగులనిచ్చి, మట్టి పరీక్షను బట్టి సున్నము చల్లవలెను. మడ అడవులుండిన నేలలలో మట్టి ఎండినపుడు ఆమ్లము పుట్టుట గలదు గనుక ఆ పరీక్ష అచ్చట మరియు అవసరము. తీసిన బురదను పంటకాలువలో పడవేయరాదు.

ఇందు ఒక్కని జాగ్రత్త చాలదు. ఒకని చెరువు నుండి విడిచిన నీరే ప్రక్కవాడు తోడుకొను కాలువలో చేరును. ఒకడు ఎండగట్టుచుండగా వేరొకడు రోగపు నీరు విడిచినచో ఇద్దరి శ్రమయు వ్యర్థము. కాకినాడ కేంద్రముగా 2007లో ఏర్పడిన జాతీయ సుస్థిర జలసాగు కేంద్రము చిన్న రైతులను సంఘములుగా కూర్చి, పంటకాలమును కలిసి నిర్ణయించుకొను పద్ధతిని బోధించినది. ఊరి కాలువకు నీరు కట్టు దినములను పెద్దలే కూర్చుండి తీర్మానించుట మనకు తెలిసినదే. ఒక కాలువపై నున్న చెరువులన్నిటికి ఎండగట్టు గడువును సైతము అట్లే తీర్మానింపవచ్చును. కౌలు వ్రాసికొనునపుడు ఈ గడువును పత్రములోనే చేర్చినచో, కౌలుదారు తొందరపడుటకును, భూస్వామి తొందరపెట్టుటకును తావుండదు.