గోడమీద బొమ్మ కుదరాలంటే

ఒకప్పుడు పెద్ద బొమ్మ చూడాలంటే సినిమా హాలుకు పోవాలి. లేదా ఊళ్లోకి డేరా సినిమా రావాలి. ఇప్పుడు ఇంట్లో పెట్టుకునే చిన్న ప్రొజెక్టర్లు వచ్చాయి. గోడమీద సినిమా పడుతుంది. పిల్లల పాఠం పడుతుంది. పొదుపు సంఘం లెక్కలూ పడతాయి.

మరి బొమ్మ మసగ్గా పడితే? అక్షరాలు అలుక్కుపోతాయి. 3 కాస్తా 8 లాగా కనిపిస్తుంది. అప్పు లెక్క తారుమారవుతుంది. అందుకే బొమ్మను సరిచేయడం ఆడవాళ్లకూ తెలియాలి. ఇదేం పెద్ద విద్య కాదు. ఒక టార్చిలైటు ఉంటే చాలు, సంగతి అర్థమవుతుంది.

దూరం

టార్చిని గోడకు దగ్గరగా పెట్టండి. వెలుగు చిన్నగా, ధగధగా ఉంటుంది. వెనక్కి జరగండి. వెలుగు పెద్దదవుతుంది. కానీ పలచబడుతుంది. ప్రొజెక్టరూ అంతే. దూరం 2 రెట్లు పెంచితే బొమ్మ వెడల్పు 2 రెట్లు, ఎత్తు 2 రెట్లు అవుతుంది. అంటే అదే వెలుగు 4 రెట్ల చోటుకు సరిపోవాలి. మజ్జిగలో నీళ్లు పోసినట్టే! బొమ్మ మరీ పెద్దది కావాలని ఆశపడకూడదు.

వంకర

టార్చిని గోడకు ఎదురుగా పెడితే వెలుగు గుండ్రంగా పడుతుంది. కింద నుంచి ఏటవాలుగా వేస్తే కోడిగుడ్డులా సాగుతుంది. ప్రొజెక్టరును నేలమీద పెట్టి మూతి పైకెత్తినా అంతే. గోడ పైభాగానికి వెలుగు ఎక్కువ దూరం పోవాలి. అందుకే బొమ్మ పైన వెడల్పుగా, కింద ఇరుకుగా పడుతుంది.

దీనికి మందు ఒక స్టూలు. ప్రొజెక్టరును ఎత్తులో, గోడకు ఎదురుగా, సమంగా పెట్టాలి. ఇంకా కాస్త వంకర ఉంటే 'కీస్టోన్' అనే మీటతో సరిచేయవచ్చు. కానీ ఆ మీటను ఎక్కువగా వాడితే అక్షరాల తేటదనం తగ్గుతుంది. కనుక ముందు స్టూలు, తర్వాతే మీట.

మసక

ముందున్న గుండ్రటి అద్దాన్ని లెన్సు అంటారు. దాని చుట్టూ లేదా పక్కన తిప్పే చక్రం ఉంటుంది. కొన్నింటికి దాని బదులు మీట ఉంటుంది. దీన్ని ఫోకస్ అంటారు. మెల్లగా తిప్పాలి. బొమ్మ తేటపడి మళ్లీ మసకబారితే, కొంచెం వెనక్కి తిప్పాలి.

ఇక్కడ చదువు అక్కరకొస్తుంది. బొమ్మను కాదు, అక్షరాలను చూడాలి. 'ద'కు, 'ధ'కు తేడా కింద ఉన్న చిన్న గీతే. ఆ గీత స్పష్టంగా కనిపించేదాకా తిప్పాలి. ఒకరు తిప్పుతుంటే మరొకరు చదవాలి.

చీకటి

ప్రొజెక్టరు నల్లరంగును వేయలేదు. వెలుగు పడని చోటే నలుపు. గదిలో దీపం వెలిగితే నలుపు బూడిదరంగు అవుతుంది. అందుకే తలుపులు వేయాలి, దీపాలు ఆర్పాలి. తెల్లగోడ మంచిది. ముడతలు లేకుండా లాగికట్టిన తెల్ల దుప్పటి కూడా పనికొస్తుంది.

జాగ్రత్తలు

1. వెలుగుతున్న లెన్సులోకి చూడకూడదు. పిల్లల్ని చూడనివ్వకూడదు. కళ్లకు ప్రమాదం.
2. ప్రొజెక్టరు వేడెక్కుతుంది. పరుపుమీద పెట్టకూడదు. గుడ్డ కప్పకూడదు. గాలి రంధ్రాలు మూసుకుపోకూడదు.
3. వైరు నడిచే దారిలో ఉండకూడదు.

సంఘం లెక్క గోడమీద పడినప్పుడు చివరి వరుసలో కూర్చున్న అక్క కూడా దాన్ని చదవగలగాలి. కనిపించకపోతే "ఆపండి, సరిచేయండి" అని అడగాలి. ఆమె చదివితేనే బొమ్మ కుదిరినట్టు.